మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదన్న ధీమా

మస్కట్‌లో ఆగస్టు నెలలో పిల్ల నీళ్లు ఎక్కువ తాగుతోందంటే ఎవరికైనా అనుమానం వస్తుందా? మేముండే బౌషర్‌లో కారు దిగి లిఫ్టు దాకా నడిచేసరికి చొక్కా తడిసిపోయే రోజులవి. వేసవి సెలవులకు తణుకు వెళ్లొచ్చాం, స్కూలు తెరిచి మూడో వారం. తొమ్మిదేళ్ల మా అమ్మాయి రోజుకు నాలుగు సీసాల నీళ్లు తాగడం మొదలుపెట్టింది. అంతకుముందు నీళ్లు తాగమని బతిమాలాల్సి వచ్చేది కాబట్టి మేం మెచ్చుకున్నాం కూడా. రాత్రి మూడుసార్లు లేచి బాత్రూముకు వెళ్తుంటే, అన్ని నీళ్లు తాగితే వెళ్లదా అనుకున్నాం. ఎప్పుడో నాలుగేళ్ల వయసులో మానేసిన పక్క తడపడం మళ్లీ ఒకరోజు జరిగింది. పిల్ల సిగ్గుపడి ఏడుస్తుంటే మా ఆవిడ దుప్పటి మార్చి, ఎవరికీ చెప్పనులే అని ఊరుకోబెట్టింది. యూనిఫాం స్కర్టు నడుము దగ్గర వదులైతే పిన్నీసు పెట్టింది. ఊళ్లో ఎండలో ఆడి ఆడి సన్నబడింది, పొడుగు సాగుతోందిలే అన్నాను నేను.

దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాసిచ్చారు. వేలి మీద సూది గుచ్చి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయమది. వాళ్లు చూడలేదు, చూడమని అడగాలని నాకు తెలియదు. “ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా?” అని మాత్రం అడిగారు. లేదని ధీమాగా చెప్పాను. అబద్ధం కాదు. మా అమ్మానాన్నలకు లేదు, మా అత్తమామలకు లేదు. నలభై దాటిన తెలుగువాడు ఇలా చెప్పగలగడం అరుదే కాబట్టి ఆ మాట కాస్త గర్వంగానే అన్నానేమో.

నాలుగో రోజు సాయంత్రం వాంతులు మొదలయ్యాయి. కడుపు నొప్పి అంది. పరిగెత్తి వచ్చిన పిల్లలా ఎగశ్వాస తీస్తూ మగతగా పడుకుంది. మా పై అంతస్తులో ఒక మలయాళీ నర్సు ఉంటుంది. పిలిస్తే వచ్చింది, గదిలోకి అడుగు పెడుతూనే ముక్కుతో గాలి పీల్చి చూసింది. పిల్ల నోటి నుంచి బాగా మగ్గిన పండు వాసన వస్తోంది. మేం నాలుగు రోజులుగా ఆ వాసనలోనే ఉన్నాం కాబట్టి మాకు తెలియలేదు. ఆవిడ వంశం సంగతి అడగలేదు. “ఇప్పుడే ఎమర్జెన్సీకి పదండి, డ్రిప్ పెట్టాలి” అంది.

ఆస్పత్రిలో వేలికి గుచ్చి “ఇరవై ఎనిమిది” అన్నారు. నాకు తెలిసిన షుగర్ అంకెలన్నీ వందల్లోనే. 28 అంటే బాగా పడిపోయిందేమో, గ్లూకోజ్ ఎక్కిస్తే సరిపోతుందేమో అనుకున్నాను. ఒమన్‌లో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో వాడే కొలత వేరు. దాన్ని 18తో గుణిస్తే మన ఊరి అంకె వస్తుంది. అంటే 504. పదిహేనేళ్లుగా కోడ్ రాస్తున్నవాడిని, యూనిట్లు చూసుకోకుండా అంకె చదవకూడదని జూనియర్లకు పాఠం చెప్పేవాడిని. ఆ రాత్రి నాకే అది గుర్తు రాలేదు. రక్తం ఆమ్లంగా మారిపోయింది, దాన్ని డయాబెటిక్ కీటో అసిడోసిస్ అంటారని చెప్పారు. మూడు రోజులు ఐసీయూలో ఉంచారు. ఇంకొక రోజు ఆలస్యమైతే ఏమయ్యేదని నేను డాక్టర్‌ని అడగలేదు.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. “ఒరేయ్, మన వంశంలో ఎవరికీ లేదురా, అటువైపు ఎవరికన్నా ఉందేమో నెమ్మదిగా కనుక్కో” అని మా అమ్మ. “చిన్నప్పటి నుంచీ చాక్లెట్లు అలవాటు చేశారు బాబూ, నేను చెబుతూనే ఉన్నాను” అని మా అత్తగారు. “ఆ ఎడారికి తీసుకెళ్లబట్టే ఇదంతా” అని మా పెదనాన్న. పిల్ల కడుపులో ఉన్నప్పుడు తిన్న ఖర్జూరాల దగ్గర నుంచి, మొన్న పక్కింటివాళ్లు ఇచ్చిన ఒమానీ హల్వా దాకా మా ఆవిడ ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని ఏడ్చేది. ‘ఎందుకు వచ్చింది’ అని అందరూ అడిగారు. కొన్నాళ్లకు నాకు అర్థమైంది, ఆ ప్రశ్నకు మన ఇళ్లలో అర్థం ‘ఎవరి వల్ల వచ్చింది’ అని.

నేను డాక్టర్‌ని కాను. కానీ ఆ ప్రశ్నకు జవాబు కోసం ఏడాదిన్నరగా చదువుతున్నాను, మా అమ్మాయిని చూసే డాక్టర్లను విసిగిస్తున్నాను. తెలిసినంతలో చెబుతాను.

అసలు గొడవంతా పేరుతోనే మొదలవుతుంది. రెండు వేరువేరు జబ్బుల్ని మనం ‘షుగర్’ అనే ఒకే మాటతో పిలుస్తాం. మన నాన్నలకు, మామయ్యలకు వచ్చేది టైప్-2. దాని కారణాలు మనకు కంఠతా వచ్చు. వంశం, బొజ్జ, కూర్చునే ఉద్యోగం, మూడు పూటలా అన్నం. పిల్లలకు ఎక్కువగా వచ్చేది టైప్-1. దీన్ని ఒకప్పుడు ‘ఇన్సులిన్ మీద ఆధారపడిన డయాబెటిస్’ అనేవారు. టైప్-2 వాళ్లకు కూడా కొన్నేళ్లకు ఇన్సులిన్ అవసరం పడుతుంది కాబట్టి ఆ పేరు తికమక పెడుతోందని 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణులు దాన్ని పక్కన పెట్టారు. టైప్-1లో మన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారు చేసే బీటా కణాలను శత్రువులనుకుని చంపేస్తుంది. తీపి తినడం వల్ల ఆ యుద్ధం మొదలవదు. చాక్లెట్ వల్ల కాదు, హల్వా వల్ల కాదు, తల్లి తిన్న ఖర్జూరం వల్ల కాదు. టీకాల వల్లా కాదు. ఇవన్నీ మా ఇంట్లో అనుమానితుల జాబితాలో ఉన్నవే కాబట్టి పేరుపేరునా చెబుతున్నాను.

మరి వంశం? ఇక్కడే నాలాంటివాళ్లు బోల్తా పడతారు. జన్యువుల పాత్ర ఉంది. హెచ్ఎల్ఏ అనే జన్యువుల్లో కొన్ని రకాలున్నవారికి ప్రమాదం ఎక్కువ. తండ్రికి టైప్-1 ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఐదారు. తల్లికి ఉంటే అందులో సగం, ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అన్నకో అక్కకో ఉంటే తమ్ముడికి నూటికి ఐదు. ఇవన్నీ ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుటుంబాల నుంచి వచ్చిన లెక్కలు. కానీ దాన్ని తిరగేసి చూడండి. టైప్-1 వచ్చిన పిల్లల్లో పదికి తొమ్మిది మంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ టైప్-1 లేదు. అంటే “ఇంట్లో ఎవరికైనా ఉందా?” అన్న ప్రశ్నకు ‘లేదు’ అన్న జవాబు ఏ ధైర్యమూ ఇవ్వదు. క్లినిక్‌లో ఆ రోజు నేను ఇచ్చిన సమాచారం నిజమే, అది మమ్మల్ని తప్పుదోవ పట్టించింది.

మా పెదనాన్న మాటను మాత్రం నేను అంత తేలిగ్గా కొట్టెయ్యలేకపోయాను. ఎడారి అన్నది తప్పే గానీ, ‘తీసుకెళ్లబట్టే’ అన్నదానిలో ఏదో ఉంది. మనలాంటి వలస కుటుంబాల మీద ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక అధ్యయనం జరిగింది, 1992లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అక్కడ స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాల పిల్లల్లో 1978-81 మధ్య ఏటా లక్షకు 3.1 మందికి ఈ జబ్బు వచ్చేది. 1988-90 నాటికి అది 11.7 అయింది. అదే ఊళ్లో మిగతా పిల్లల్లో 15 దగ్గరే నిలకడగా ఉంది. పదేళ్లలో జన్యువులు మారవు. మారింది నీళ్లో, గాలో, తిండో, చిన్నప్పుడు తగిలే సూక్ష్మజీవులో, ఏదో ఒకటి. ఫిన్లండ్‌లో ఏటా లక్ష మంది పిల్లల్లో 60 మంది దాకా దీని బారిన పడిన కాలం ఉంది, ప్రపంచంలోనే ఎక్కువ. సరిహద్దు దాటితే రష్యాలోని కరేలియా. అక్కడివాళ్ల జన్యువులు దాదాపు అవే, జబ్బు మాత్రం ఆరో వంతే. ఇక మన గల్ఫ్ సంగతి. కువైట్‌లో 1990లలో లక్షకు 20 మంది ఉన్నది, 2011-13 నాటికి 40 దాటింది. కడప, కోనసీమ నుంచి ఎంతమంది కువైట్‌లో ఉన్నారో మీకు చెప్పనక్కర్లేదు. ఒమన్‌లో 1990ల మధ్యలో ఆ లెక్క రెండున్నరే. రెండూ గల్ఫ్ దేశాలే, రెండు చోట్లా అదే ఎండ, అదే ఖర్జూరం.

కాబట్టి పరిసరాలకు పాత్ర ఉంది. ఆ పరిసరాల్లో ఏది అన్నదే ఎవరూ వేలు పెట్టి చూపించలేకపోతున్నారు. ఎంటెరోవైరస్‌ల మీద, ముఖ్యంగా కాక్సాకీ-బి రకం మీద అనుమానం బలంగా ఉంది. విటమిన్-డి మీద ఫిన్లండ్ వాళ్లు ఆశ పెట్టుకున్నారు, అది తేలలేదు. ఎండ పుష్కలంగా ఉన్న ఈ దేశంలో ఏసీ గదుల్లో కూర్చుని మనం విటమిన్-డి మాత్రలు మింగుతున్నాం, అది వేరే వ్యాసం. పసిపిల్లలకు ఆవుపాలు పట్టడం వల్లనేమోనని ఏళ్ల తరబడి పెద్ద ప్రయోగం చేశారు. పాలలోని మాంసకృత్తులను ముక్కలు చేసి తయారుచేసిన పాలపొడి ఇచ్చినా తేడా లేదని 2018లో తేలింది. సిజేరియన్ కాన్పుకు, తల్లి వయసుకు కొద్దిపాటి సంబంధం కనిపిస్తుందంటారు. అది లక్షల మందిని లెక్క కడితే కనిపించే తేడా, ఒక్క తల్లిని పట్టుకుని నిలదీసే తేడా కాదు. ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. “అయితే నా వల్ల కాదు కదా?” అని అడిగింది. కాదు అన్నాను. ఇంకో రెండుసార్లు అడిగింది.

నా అభిప్రాయం ఇది. ఈ జబ్బు రావడానికి కారణాలు ఇప్పటికి మన చేతిలో లేవు. పిల్ల ప్రాణం మీదకు రావడానికి కారణాలు మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి, వాటి గురించి మన సభల్లో ఒక్కరూ మాట్లాడరు.

మొదటిది ఆలస్యం, అది నేను చేసింది. రెండోది దాచిపెట్టడం. ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలోనే దగ్గరి బంధువు ఒకావిడ ఫోన్ చేసి, “ఆడపిల్ల, ఎక్కడా చెప్పకండి, రేపు సంబంధాలు చూడాలి” అంది. తొమ్మిదేళ్ల పిల్లకు! స్కూల్లో టీచర్‌కి తెలియకపోతే, ఆటల పిరియడ్‌లో షుగర్ పడిపోయి పిల్ల వణుకుతుంటే ఎవరు గ్లూకోజ్ ఇస్తారు? మేం క్లాస్ టీచర్‌కి, బస్సులో ఉండే ఆయాకి, పక్కన కూర్చునే స్నేహితురాలి తల్లికి కూడా చెప్పాం. పెళ్లి సంగతి దానికి పెళ్లి వయసు వచ్చాక అదే చూసుకుంటుంది. మస్కట్‌లోనే మరో తెలుగు ఇంట్లో టైప్-1 ఉన్న అబ్బాయి ఉన్నాడని మాకు ఏడాది తర్వాత తెలిసింది. మేమూ వాళ్లూ వినాయక చవితికి ఒకే హాల్లో భోజనం చేశాం, ఒకరికి తెలియకుండా ఒకరం పిల్లల్ని పక్కకు తీసుకెళ్లి ఇంజెక్షన్ ఇచ్చుకున్నాం.

మూడోది పసరు మందు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఇది కాచుకుని ఉంటుంది. పొడపత్రి, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి. పెద్దవాళ్లు ప్రేమతోనే ఇస్తారు. “ఇంత చిన్నపిల్లకు రోజూ సూదులేమిట్రా, పది రోజులు ఇది పట్టించి చూడు” అని మా మేనత్త గట్టిగానే పట్టుబట్టింది. ఆవిడతో నేను ఒకటే అన్నాను. అత్తయ్యా, కాకరకాయ, పొడపత్రి 1922కి ముందు కూడా ఉన్నాయి. ఆ ఏడాది జనవరిలో టొరంటోలో ఒక పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా, ఈ జబ్బు వచ్చిన పిల్ల ఏ దేశంలోనూ ఎక్కువ కాలం బతకలేదు. టైప్-2లో క్లోమం కొంత ఇన్సులిన్ తయారు చేస్తూనే ఉంటుంది కాబట్టి ఆకులూ రసాలూ పనిచేసినట్టు కనిపించవచ్చు. టైప్-1లో ఇన్సులిన్ రెండు రోజులు ఆపితే మళ్లీ ఆ పండు వాసనే. మేనత్త ఏమీ అనలేదు గానీ, కాకరకాయ వేపుడు మాత్రం చేసి పెట్టింది. అది తినడానికి అభ్యంతరం లేదు, దానికి తగ్గ ఇన్సులిన్ లెక్క చూసుకుని తిన్నాం.

ఇది పిల్లల జబ్బే అనుకోవడమూ పొరపాటే. కొత్తగా టైప్-1 బయటపడేవారిలో సగం దాకా పెద్దవాళ్లే ఉంటారు. నా వయసువాళ్లకు ఇది నెమ్మదిగా వస్తుంది, టైప్-2 అనుకుని మాత్రలు ఇస్తూ పోతారు. సన్నగా ఉండి, మాత్రలు వేసుకుంటున్నా షుగర్ దిగక, బరువు తగ్గిపోతున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే యాంటీబాడీ పరీక్ష సంగతి డాక్టర్‌ని అడగండి.

యాంటీబాడీ అన్నాను కాబట్టి మా ఇంట్లో ఇంకా తేలని తగాదా ఒకటి చెప్పాలి. మాకు ఐదేళ్ల అబ్బాయి ఉన్నాడు. అక్కకు ఉంది కాబట్టి వాడికి అవకాశం నూటికి ఐదు. జబ్బు బయటపడటానికి ఏళ్ల ముందే రక్తంలో కొన్ని యాంటీబాడీలు కనిపిస్తాయి. చిన్నతనంలోనే రెండు, అంతకు మించిన రకాలు కనిపిస్తే, పదేళ్లలో జబ్బు బయటపడే అవకాశం నూటికి 70 దాకా ఉంటుందని 2013లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. ఇటలీ 2023లో పిల్లలందరికీ ఈ పరీక్ష చేయాలని చట్టమే తెచ్చింది. 2022 నవంబరులో అమెరికాలో టెప్లిజుమాబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. అది జబ్బును ఆపదు, రెండేళ్లు అటూ ఇటుగా వాయిదా వేస్తుంది. అప్పుడు ఎనిమిదేళ్లు దాటినవాళ్లకే అనుమతి ఇచ్చారు, ధర మనలాంటివాళ్లకు అందేది కాదు. నేను పరీక్ష చేయిద్దామంటాను, ముందే తెలిస్తే ఐసీయూ దాకా పోకుండా ఉంటాం కదా అని. మా ఆవిడ వద్దంటుంది. “ఉందని తేలితే వాడు తినే ప్రతి ముద్దనూ నేను భయంతోనే చూస్తానండీ. ఆ భయం వాడికి తెలియకుండా ఉంటుందా?” అంటుంది. ఆమె మాటలో తప్పు కనిపించదు నాకు. కానీ ఆ రాత్రి పిల్ల ఎగశ్వాస విన్న చెవులతో ఆలోచిస్తే నాకు నా మాటే సబబు అనిపిస్తుంది. పరీక్ష ఇంకా చేయించలేదు.

చేయించకపోయినా ఒకటి మాత్రం చేయగలం. ఇటలీలోనే పార్మా అనే ప్రాంతంలో 1991లో స్కూళ్లలో, డాక్టర్ల గదుల్లో ఒక పోస్టరు అంటించారు. చెప్పింది పెద్ద శాస్త్రమేమీ కాదు. పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ తడుపుతున్నారా, ఎక్కువ నీళ్లు తాగుతున్నారా, బరువు తగ్గుతున్నారా, అయితే షుగర్ చూపించండి అని, అంతే. అంతకుముందు అక్కడ కొత్తగా జబ్బు బయటపడిన పిల్లల్లో నూటికి 78 మంది కీటో అసిడోసిస్‌తో ఆస్పత్రికి వచ్చేవారు. ఆ తర్వాతి ఏళ్లలో అది 12.5కి దిగింది. కాగితం ముక్క చేసిన పని అది.

20 ఏళ్లలోపు టైప్-1 ఉన్నవాళ్లు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మంది మన దేశంలోనే ఉన్నారు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021 అంచనా ప్రకారం దాదాపు 2.3 లక్షల మంది. అలాంటి పోస్టరు ఇటు ఒమన్‌లోని మన పిల్లలు చదివే స్కూళ్లలో గానీ, అటు తణుకులోని స్కూళ్లలో గానీ నేను చూడలేదు. ఉగాది సంబరాలకు మనం గాయకుల్ని పిలిపించుకుంటాం, పచ్చళ్ల స్టాళ్లు పెట్టుకుంటాం. తలుపు పక్కన ఒక చిన్న బల్ల, దాని మీద ఒక గ్లూకోమీటరు, ఒక డబ్బా స్ట్రిప్పులు పెడితే ఎంత ఖర్చు? ఆ గుర్తులు తెలుగులో ఒక పేజీగా రాశాను. మస్కట్ వేసవిని దృష్టిలో పెట్టుకుని ఒక వాక్యం అదనంగా చేర్చాను: “ఎండాకాలం కదా అనుకుని ఊరుకోవద్దు, రాత్రి ఏసీ గదిలో కూడా లేచి నీళ్లు తాగుతున్నారా చూడండి.” మా పైఅంతస్తు నర్సు చదివి సరిచూసింది. పోస్టరు మీద చెరిగిన దుప్పటి పక్కన నిలబడిన పిల్ల బొమ్మ మా అమ్మాయే వేసింది, అందరికీ చెప్పినా పర్వాలేదంది. వచ్చే ఉగాదికి బల్ల, మీటరు, స్ట్రిప్పులు నేను తెస్తాను. దుబాయ్‌లో, కువైట్‌లో, డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో మీ సంఘాల వాళ్లు ఎవరికైనా ఆ పేజీ కావాలంటే ఈ పేజీ సంపాదకుల ద్వారా అడగండి, పంపిస్తాను.